బర్క్ గారి దారిలో మీ అన్నయ్య

స్కోఫీల్డ్స్,
మే 11.

లీలా,

నువ్వు బాగానే ఉంటావు. డార్విన్‌లో నిన్ను మించిన ఆరోగ్యం మొసళ్ళకే ఉంటుంది. కాబట్టి కుశల ప్రశ్నలు వదిలేసి అసలు సంగతికి వస్తాను. మీ అన్నయ్యకి పిచ్చి ముదిరింది.

నీ డాక్టరు బుర్రకి పని చెప్పేంత పిచ్చి కాదులే. రైల్వే సిగ్నళ్ళ ఉద్యోగం నుంచి రిటైరైన దగ్గర్నుంచీ ఇంట్లో సిగ్నళ్ళు వెయ్యడం మొదలుపెట్టారు. పప్పులో ఉప్పు ఎప్పుడు వెయ్యాలో, తువ్వాలు ఏ వైపు తిప్పి ఆరెయ్యాలో ఆయనే చెప్పాలి. డిష్‌వాషర్‌లో గిన్నెలు ఎలా సర్దాలో బొమ్మ గీసి దాని తలుపుకే అంటించారు. ఇది పాత జబ్బు. కొత్తదాని పేరు బర్క్.

బర్క్ ఎవరంటావా? నూట అరవై ఏళ్ళ కిందట ఈ దేశాన్ని దక్షిణం నుంచి ఉత్తరానికి నిలువునా దాటుతానని మెల్‌బోర్న్ నుంచి ఒంటెలేసుకుని బయల్దేరిన పోలీసాయన. ఎడారి తెలీదు, దారి తెలీదు, కోపం మాత్రం బాగా తెలుసు. సామానులో ఒంటెలకి రమ్ము, ఒక చైనా గంట, కుర్చీలతో సహా భోజనాల బల్ల కూడా ఉన్నాయట. చివరికి కూపర్ క్రీక్ అనే ఏటి ఒడ్డున, తన తర్వాతివాడైన విల్స్ పోయిన కొద్దిరోజులకే తనూ పోయాడు, తిండి లేక. ఈ దేశంవాళ్ళు అందుకు మెచ్చుకుని విగ్రహాలు పెట్టారు. చచ్చేట్టు దారి తప్పినవాడికి విగ్రహం పెట్టే దేశంలో మీ అన్నయ్యకి ఆశ పుట్టక ఏమవుతుంది?

జూలైలో ఆ చోట్లన్నీ చూడ్డానికి వెళ్తున్నాం. ‘వెళ్తున్నాం’ అన్నది ఆయన మాట. బహువచనం ఆయనది, సామాను సర్దుడు నాది. పాత ఫోర్‌వీల్ డ్రైవ్ ఒకటి కొన్నారు. సాటిలైట్ ఫోను కొన్నారు. రెండు పారలు, ఒక మడత బల్ల కొన్నారు.

“బల్లెందుకండీ?” అంటే, “బర్క్ కూడా తీసుకెళ్ళాడు,” అన్నారు.

“అందుకే పోయాడు,” అన్నాను. రెండ్రోజులు నాతో మాట్లాడలేదు. హాయిగా గడిచాయి.

ఈ కాలంలో ఉత్తరమేమిటనుకుంటావేమో. ఫోను మోగితే చాలు, స్పీకర్ ఆన్ చెయ్యమంటారు. కారులో అయితే అది తనంతట తనే కారంతా వినపడేట్టు మాట్లాడుతుంది. నాకేమో మీ అన్నయ్య వినకూడని మాటలు బోలెడున్నాయి. దారి పొడుగునా రాస్తాను. నువ్వు బ్రోకెన్ హిల్ పోస్టాఫీసుకి ఒకటీ, ఇన్నమింకాకి ఒకటీ నా పేరు మీద రాయి. మేమెళ్ళి అడిగేదాకా దాచిపెడతారట.

మీ ఆయన, కనకరాజు అన్నయ్యగారు, ఎలా ఉన్నారు? వానలు తగ్గాక వస్తారన్నావు. తగ్గాయిగా?

నీ వదిన,
సత్యభామ

డార్విన్,
జూన్ 3.

వదినా,

నీ ఉత్తరం కాన్పుల వార్డులో చదివి పైకే నవ్వేశాను. నొప్పులు పడుతున్న ఒకావిడ, “గ్లాడ్ సమ్‌వన్స్ హ్యావింగ్ ఫన్, డాక్టర్,” అంది. కవలలు పుట్టారు. ఆ ఇద్దరికీ అన్నయ్య పేరు పెట్టమందామనుకుని, పసివాళ్ళేం పాపం చేశారని ఊరుకున్నాను.

అన్నయ్య దారి చూపించడం నాకు కొత్త కాదు. చిన్నప్పుడు భీమవరంలో జాతరకి దగ్గర దారి అని నన్ను సైకిలెక్కించుకుని తిన్నగా రొయ్యల చెరువులోకి దింపాడు. మెడ దాకా నీళ్ళలో నిలబడి, “దారి ఇదే లీలా, నీళ్ళే కొత్తగా వచ్చాయి,” అన్నాడు. నువ్వు మాత్రం నీళ్ళ డబ్బాలు ఆయన చెప్పినదానికి రెట్టింపు పెట్టుకో. బీపీ మాత్రలు నీ సంచీలో ఉంచుకో, ఆయన సంచీలో కాదు.

ఇక్కడ ఉక్క తగ్గింది. ఊరంతా సముద్రపు ఒడ్డునే బతుకుతోంది. నీ అన్నయ్యగారి ఆసుపత్రి పని హైదరాబాద్‌లో ఇంకా తెమల్లేదు. రెండేళ్ళని వెళ్ళిన పని, ఎనిమిదేళ్ళయింది, ఆసుపత్రుల సంగతి తెలిసిందేగా. ఆగస్టులో తప్పకుండా వస్తారు. ఆదివారం ఆదివారం మాట్లాడుకుంటూనే ఉన్నాం. ఆయన పడవ ఇంటి కింద ట్రెయిలర్ మీద పెళ్ళికూతురిలా ముస్తాబై ఉంది. వానలు వెళ్ళగానే బూజు దులిపి ఇంజను తిప్పి పెట్టాను. డార్విన్‌లో మొగుడు లేకపోయినా ఫరవాలేదు, పడవ లేకపోతే మనిషిగా చూడరు.

లీల

బ్రోకెన్ హిల్,
జూలై 6.

లీలా,

నీ ఉత్తరం అందింది. కవలల మాట మీ అన్నయ్యకి చదివి వినిపించాను. “సుబ్బరాజు అని పెడితే తప్పేమిటి?” అని నిజంగానే అడిగారు.

మనిషిని కారులో కూచోబెడితే అసలు రూపం బయటపడుతుంది. మీ అన్నయ్య తనని తాను ‘లీడర్’ అనుకుంటున్నారు. పొద్దున్నే కాఫీకి ముందు ‘బ్రీఫింగ్’ ఉంటుంది. వినేదాన్ని నేనొక్కదాన్నే. దారిలో కంగారూ అడ్డొస్తే నేను అరవకూడదు, “కంగారూ, ఎడమ,” అని నెమ్మదిగా చెప్పాలి. నిన్న నేను “కంగారూ, ఎడమ,” అనేలోపు కంగారూ కుడివైపుకి వెళ్ళిపోయింది. అది నా తప్పని తేలింది.

మెనిండీ అనే చిన్న ఊరు చూశాం. బర్క్ అక్కడ తనతో వచ్చిన జనంలో సగాన్ని, సామానులో బోలెడంత వదిలేసి, తొందర తొందరగా ముందుకెళ్ళిపోయాడట. దారి పొడుగునా ఎవరితోనో ఒకరితో దెబ్బలాటే. ఆ బృందంలో మన దేశంవాళ్ళూ ఉన్నారు తెలుసా? ఒంటెల్ని చూసుకోవడానికి తెచ్చినవాళ్ళు. అందులో సామ్లా అనే హిందువు వాళ్ళు పెట్టే గొడ్డుమాంసం ముట్టలేక, రొట్టె, నీళ్ళతో కొన్నాళ్ళు నెట్టుకొచ్చి, మెల్‌బోర్న్ దాటిన కొద్దిరోజులకే సెలవిప్పించమని వెనక్కి వెళ్ళిపోయాడట. ఈ మొత్తం కథలో నాకు నచ్చినవాడు అతనొక్కడే. కూడు సయించకపోతే లేచిపోవడం కంటే తెలివైన పని ఇంకేముంది? అతనికి మాత్రం ఎవరూ విగ్రహం పెట్టలేదు.

ఇంకో మాట. కోపం తెచ్చుకోకు. నీ చేతిరాత ఎప్పుడూ మందుల చీటీయే. కాని ‘ఆగస్టులో తప్పకుండా వస్తారు’ అన్న ఒక్క లైనూ కాపీ పుస్తకంలో రాసినట్టు గుండ్రంగా ఉంది. బ్లాక్‌టౌన్ బళ్ళో లెక్కలు చెప్పినదాన్ని. పిల్లలు పక్కవాడిది చూసి రాసినప్పుడే అక్షరాలు అంత గుండ్రంగా వస్తాయి.

వదిన

డార్విన్,
జూలై 11.

వదినా,

నా చేతిరాతకి మార్కులు వెయ్యమని నిన్నెవరడిగారు? రిటైరయ్యావు, ఎర్ర పెన్ను కింద పెట్టు.

నేనూ ఒకటి అడుగుతాను. నువ్వు దగ్గర దగ్గర నలభై ఏళ్ళుగా అన్నయ్యని తిడుతున్నావు. తిట్టు, నీ హక్కు. కాని ఇదివరకు పేజీడు తిట్టి చివర ‘పాపం’ అనేదానివి. ఈసారి రెండు ఉత్తరాలూ తిరగేసి చూశాను. పాపం అన్న మాట ఎక్కడా లేదు. అదేమిటి? ముందు దానికి జవాబు చెప్పు.

లీల

ఇన్నమింకా,
జూలై 24.

చి.సౌ. లీలకి,

ఉభయకుశలోపరి. ఇక్కడ మేము క్షేమం. డిగ్ ట్రీ చూశాం. చెట్టు బాగుంది. వాన పడింది. రోడ్లు మూశారు. కారుకి చిన్న రిపేరు, దాని సామాను అడిలైడ్ నుంచి రావాలట. అందాకా ఇక్కడే ఉంటాం. మీ అన్నయ్య విశ్రాంతి తీసుకుంటున్నారు, పాపం.

సత్యభామ

డార్విన్,
జూలై 30.

వదినా,

చి.సౌ. ఏమిటి? ఉభయకుశలోపరి ఏమిటి? ఎవరైనా పోయారా? ఎడారిలో అన్నయ్య ‘విశ్రాంతి’ తీసుకుంటున్నాడంటే నాకు కాళ్ళూ చేతులూ ఆడటం లేదు. ఆ ఊళ్ళో ఉన్నది ఒక్క పబ్బేనట. దానికి ఫోన్ చేశాను. ఎత్తినవాడు, “ద ఇండియన్ బ్లోక్? హీ ఈజ్ టాకింగ్, మేట్. హీ హ్యాజంట్ స్టాప్డ్,” అన్నాడు. అది విన్నాకే నా ప్రాణం కుదుటపడింది. అన్నయ్య బతికే ఉన్నాడు. కాని నువ్వు చెప్పనిది ఏదో ఉంది.

నేను ముందు చెబితేగాని నువ్వు చెప్పవు కాబోలు. సరే.

ఆయన ఆగస్టులో రారు. వచ్చే ఆగస్టులోనూ రారు. కొండాపూర్‌లో ఫ్లాటు తీసుకున్నారు, ఆసుపత్రిలో భాగస్తురాలు నీలిమ అని ఒకావిడతో కలిసి ఉంటున్నారు. విడాకులు ఇమ్మని రెండేళ్ళ కిందటే అడిగారు. “బాగా ఆలోచించుకో,” అన్నాను. ఆయన ఆలోచించుకుంటున్నారనుకుని కూచున్నది నేను. ఆయన ఆలోచన ఎప్పుడో అయిపోయింది.

ఇంకో సిగ్గుమాలిన సంగతి చెప్పనా? ఆదివారం ఫోను చేసేది ఆయన కాదు, నేను. ఏం మాట్లాడాలో తెలియక పడవ ఇంజను గురించి అడుగుతాను. ప్లగ్గులు ఎలా తుడవాలో ఓపిగ్గా చెబుతారు. పడవంటే ఆయనకి ఇప్పటికీ ప్రాణం, వదినా.

రోజూ ఎవరెవరి పిల్లల్నో లోకంలోకి లాగే చేతులివి. ఇంట్లో మాత్రం ఒక చిన్న అబద్ధాన్ని రెండేళ్ళుగా ఒళ్ళో పెట్టుకుని జో కొడుతున్నాను. అన్నయ్యకి చెప్పకు.

నీ వంతు.

లీల

ఇన్నమింకా,
ఆగస్టు 7.

లీలా,

నీ ఉత్తరం పబ్బు వెనక గదిలో మంచం మీద కూచుని చదివాను. మీ అన్నయ్య ముందు హాల్లో నలుగురిని పోగేసి బర్క్ గురించి చెబుతున్నారు. వాళ్ళు ఈ చుట్టుపక్కలే పుట్టి పెరిగినవాళ్ళు. అయినా మర్యాదగా వింటున్నారు.

కనకరాజు గురించి ఇప్పుడేమీ రాయను. రాస్తే ఈ కవరు పోస్టులో తీసుకోరు. ఇకనుంచి ఆ మనిషి నాకు అన్నయ్యగారు కాడు, అంతవరకు రాసుకో.

ఇక నా సంగతి. నేను హోబర్ట్‌కి టిక్కెట్టు కొనుక్కున్నాను. ఈ ప్రయాణం కాగానే మా అమ్మాయి అమూల్య దగ్గరికి వెళ్ళిపోదామని. తిరుగు టిక్కెట్టు కొనలేదు. పెద్ద గొడవేమీ జరగలేదు. ఒకరోజు పొద్దున కాఫీ కలుపుతుంటే, చెంచా ఏ వైపుకి తిప్పాలో చెప్పారు. ఇదివరకు అలాంటివాటికి నాకు నవ్వొచ్చేది. ఆ రోజు రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు. నవ్వు రాకపోతే మీ అన్నయ్యతో కాపరం ఎంత కష్టమో నీకు తెలుసు. ఆయన నీ తోడబుట్టినవాడు గనక నీకు రాయలేకపోయాను.

డిగ్ ట్రీ పక్కన ఏటి ఒడ్డునే డేరా వేశాం. ఆ చెట్టు కథ ఇదీ. బర్క్ ముగ్గురిని వెంటేసుకుని ఉత్తరానికి వెళ్తూ, బ్రాహీ అనేవాణ్ణి కొంతమందితో అక్కడ కాపలా పెట్టాడు. మూడు నెలలు చూడమన్నాడు. వాళ్ళు నాలుగు దాటేదాకా చూసి, ఒకతను చావుకి సిద్ధంగా ఉంటే, కొంత తిండి ఆ చెట్టు దగ్గర పాతిపెట్టి, ‘తవ్వు’ అని మాను మీద చెక్కి, ఒక పొద్దున వెళ్ళిపోయారు. బర్క్ ఆ సాయంత్రమే వచ్చాడు.

మీ అన్నయ్య మడత బల్ల దగ్గర కూచుని ఊగిపోయారు.

“ఒక్క పూట! ఒక్క పూట ఆగలేకపోయాడు, ట్రెయిటర్!”

“చెప్పినదానికంటే ఎక్కువే ఆగాడుగా. ఇంకెన్నాళ్ళు చూస్తాడండీ?”

“నువ్వయితే?”

“నేనయితే నెలకే మూట కట్టేదాన్ని.”

హాస్యానికే అన్నాను. ఆయన బల్ల మడిచేశారు. మడిచి, “కట్టావుగా,” అన్నారు. “హోబర్ట్‌కి. అమూల్య నోరు జారింది. డాడ్, హౌ విల్ యూ మ్యానేజ్ అలోన్ అంది.”

“ఎప్పుడు?”

“ఈస్టర్‌కి.”

“తెలిసీ ఈ ట్రిప్పు పెట్టారా?”

“ఇంట్లో నువ్వు నాతో మాట్లాడ్డం మానేశావు భామా. ఇక్కడైతే మాట్లాడ్డానికి ఇంకెవరూ దొరకరని.”

ఇన్నేళ్ళలో ఆయన నోటినుంచి అంత మంచి మాట రాలేదు లీలా. దానికి నేనేమన్నానో తెలుసా? “ఆ మాత్రానికి గోల్డ్ కోస్ట్ తీసుకెళ్ళొచ్చుగా?” అన్నాను. నా నోరు నా మాట వినదు. ఆయన డేరాలోకి వెళ్ళి అటు తిరిగి పడుకున్నారు.

పొద్దున లేచేసరికి కారు లేదు, మీ అన్నయ్య లేరు. సాటిలైట్ ఫోనూ లేదు. దానివల్ల నష్టం లేదులే, దానికి ప్లాన్ తీసుకోవడం మర్చిపోయారు. ఎక్కడికెళ్ళారో చెప్పలేదు, చిన్న చీటీ పెట్టలేదు. మొదట బాగా తిట్టుకున్నాను. తర్వాత పడమట మబ్బు చూశాను. ఇక్కడి మట్టి మీద నాలుగు చినుకులు పడితే మన ఊరి రేగడి దాని ముందు సిమెంటు రోడ్డే.

పక్కన కారవాన్‌లో కెవ్, డాట్ అని ముసలి దంపతులున్నారు. కెవ్ వచ్చి, “రోడ్డు మూసేస్తారు, లవ్. ఇప్పుడు కదలకపోతే వారం ఇక్కడే. మాతో వచ్చెయ్,” అన్నాడు. డాట్ అప్పటికే నా దుప్పట్లు మడిచేస్తోంది.

ఉండి నేనేం చెయ్యగలను? వెళ్తే సాయం తేవచ్చు. లెక్క తేలికే. కాని కాళ్ళు కదల్లేదు. ఆ చెట్టు కింద నిలబడి బ్రాహీని మొదటిసారి ఒక మనిషిగా తలుచుకున్నాను. పాపం, ఎన్నిసార్లు వెనక్కి తిరిగి చూశాడో. నేను నెలకే మూట కట్టేదాన్నని గొప్పలు పోయానా, ఆయన వెళ్ళి రెండు గంటలు కాలేదు, ఈ మనిషి లేకపోతే ఎవర్ని తిట్టుకుని బతకాలని బెంగ పట్టుకుంది. నవ్వకు.

డేరా అలాగే ఉంచాను. బియ్యం, పచ్చడి, కందిపొడి, నీళ్ళు, స్టవ్వు లోపల పెట్టాను. అట్టపెట్టె చింపి లావుగా తెలుగులో రాసి డేరా గుడ్డకి పిన్నీసులతో గుచ్చాను: ‘ఏవండీ, మనుషుల్ని తేవడానికి ఇన్నమింకా వెళ్తున్నాను. వస్తాను. ఇక్కడినుంచి కదిలారో చంపేస్తాను.’ అదేమిటని కెవ్ అడిగాడు. “లవ్ లెటర్,” అన్నాను.

ఇన్నమింకాలో పబ్బువాళ్ళు పోలీసులకి ఫోన్ చేశారు, రేంజర్‌కి కబురు పెట్టారు. ఆ పూటంతా వాన. ఎవరూ కదలడానికి లేదు. డాట్ నా చెయ్యి పట్టుకుని తన ముగ్గురు మొగుళ్ళ కథలూ చెప్పింది, కెవ్ మూడోవాడట. మర్నాడు తెరిపిచ్చాక రేంజరమ్మాయి పెద్ద ట్రక్కు తీసింది. దారి పొడుగునా మొక్కుకున్నాను. దేవుళ్ళ పేర్లు అయిపోతే మళ్ళీ మొదట్నుంచి మొదలుపెట్టాను.

ఆయన డేరా ముందు బల్ల వేసుకుని కూచుని ఉన్నారు. కందిపొడి సీసా ఖాళీ. కారు ఏటి ఒడ్డున కడుపుదాకా దిగబడిందట. వానలో పడుతూ లేస్తూ నడిచి వచ్చారట, ఒక్క బూటుతో. రెండోది బురద పుచ్చుకుంది. ఒళ్ళు కాలిపోతోంది. నేను రాసిన అట్ట కింద రైల్వే సంతకంతో, ‘వచ్చాను. కదల్లేదు. సుబ్బరాజు’ అని రాసి ఉంది. బర్క్ ఆ పని చెయ్యలేదు లీలా. పాతిపెట్టిన తిండి తవ్వుకుని, మళ్ళీ పూడ్చేసి, వచ్చినట్టు పైకి ఒక్క గీత కూడా గియ్యకుండా వెళ్ళిపోయాడు. బ్రాహీ మనసొప్పక మళ్ళీ వచ్చి చూసి, ఎవరూ రాలేదనుకుని వెళ్ళిపోయాడు. ఆ మేరకు మీ అన్నయ్యే తెలివైనవారు.

“వెళ్ళిపోయావనుకున్నాను,” అన్నారు.

“రాసిపెట్టానుగా!”

“చదివాను. చదివినా అనిపించింది.”

“అసలు చెప్పకుండా ఎక్కడికి ఏడ్చారు?”

“ఒడ్డున ఎక్కడైనా కొంగలు అవీ దిగే మంచి చోటు చూసొచ్చి నిన్ను తీసుకెళ్దామని. గోల్డ్ కోస్ట్ కాదుగా ఇది, ఏదో ఒకటి చూపించాలిగా.”

ఆ పిల్ల ముందు ఏడవకూడదని నోటికొచ్చినట్టు తిట్టాను. ఆ అమ్మాయి కంగారుపడి, “ఎవ్రీథింగ్ ఓకే?” అంది. “థర్టీ సెవెన్ ఇయర్స్,” అన్నాను. పాపం, అర్థమైనట్టే తలూపింది.

ఇప్పుడు జ్వరం తగ్గింది. హోబర్ట్ మాట కూడా తేల్చుకున్నాం. వెళ్తాను. రెండు నెలలుండి వస్తాను. తిరుగు టిక్కెట్టు ఆయనే కొంటారట. “ఈలోగా నేనేం చెయ్యను?” అన్నారు. “మీకు మీరే సిగ్నళ్ళు వేసుకోండి,” అన్నాను. నవ్వారు. నాకూ వచ్చింది, నవ్వు.

తర్వాతి ఉత్తరం బర్డ్స్‌విల్‌కి రాయి.

వదిన

డార్విన్,
ఆగస్టు 15.

వదినా,

అన్నయ్య జ్వరానికి ఏడ్చి, బూటుకి నవ్వాను. కోపం రాలేదా అంటే వచ్చింది. మా అన్నయ్యని వదిలేద్దామనుకుని ఆ ముక్క నాకు చెప్పలేదు నువ్వు. నా మొగుడు నన్ను వదిలేశాడని నేను నీకు చెప్పలేదు. చెల్లుకు చెల్లు.

మొన్న శనివారం తెలుగువాళ్ళ పిక్నిక్‌కి వెళ్ళాను. శారదాంబ ఆంటీ నీకు గుర్తుండే ఉంటుంది, ఎవరింట్లో ఏముందో స్కానింగ్ లేకుండా చెప్పేస్తుంది. పులిహోర వడ్డిస్తూ, అలవాటు కొద్దీ, “డాక్టర్ గారూ, సార్ ఎప్పుడొస్తున్నారు?” అంది. ఎనిమిదేళ్ళుగా ఆ ప్రశ్నకి నా దగ్గర ఎప్పుడూ ఒక నెల పేరు సిద్ధంగా ఉండేది.

“రారండీ,” అన్నాను.

“ఈ ఏడు రారా?”

“అసలు రారు. అక్కడ ఇంకొకావిడతో ఉంటున్నారు. కొంచెం ఎక్కువ వెయ్యండి, ఆకలేస్తోంది.”

గరిటె గాలిలోనే ఉండిపోయింది. వెనక లైనులో ఉన్నవాళ్ళందరూ ఒక్కసారిగా తమ కంచాల్లోకి చూసుకున్నారు. ఆంటీ ఏం మాట్లాడుతుందో అని చూశాను. ఆవిడ నా కంచం నింపేసి, ఇంకో కంచం తీసుకుని దాన్నీ నింపి, “ఇది రాత్రికి,” అంది. ఇన్నాళ్ళూ ఆవిడ గురించి నేనన్న మాటలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. సగం, పోనీ.

ఆదివారం నేను ఫోన్ చెయ్యలేదు. సాయంత్రం ఆయనే చేశాడు. “ఏం, ఒంట్లో బాగాలేదా?” అన్నాడు.

“పడవ అమ్మేశాను,” అన్నాను.

ఎంతసేపు మాట్లాడలేదో! నేను పెళ్ళాన్ని కాకుండా పోయినప్పుడు కూడా అంత మౌనం పాటించలేదు. చివరికి, “ఎవరికి?” అన్నాడు. పక్కవీధి కుర్రాడికని చెప్పి, “కాగితాలు పంపు, సంతకం పెట్టేస్తాను,” అన్నాను. “థాంక్స్, లీలా,” అన్నాడు. థాంక్సట! దారిలో సంచీ అందించినట్టు!

ఫోను పెట్టేసి ఏడ్చాను వదినా. ఇంటి కింద ఇదివరకు పడవ ఉండిన చోట నిలబడి గట్టిగా ఏడ్చాను. పక్కింటి కుక్క కూడా గొంతు కలిపింది. దాని యజమాని బయటికొచ్చి ఇద్దర్నీ చూసి, ముందు నన్ను ఊరుకోబెట్టాడు.

అన్నయ్యకి నువ్వే చెప్పు. నేను చెబితే లీడర్‌షిప్ తీసుకుంటాడు.

లీల

బర్డ్స్‌విల్,
ఆగస్టు 26.

లీలా,

కారు బాగయింది. నేనే నడుపుతున్నాను. మీ అన్నయ్య పక్క సీట్లో కూచుని లేని బ్రేకు తొక్కుతున్నారు.

నీ సంగతి నిన్న చెప్పాను. బండి పక్కకి ఆపి, అంతా చెప్పాను. కనకరాజుని తిడతారనుకున్నాను, నాలుగు మంచి తిట్లు నేనే అందిద్దామని సిద్ధంగా ఉన్నాను. ఆయనేమో దిగి, ఆ ఎర్ర ఇసకలో కొంత దూరం నడిచి వెళ్ళారు. నేను చూస్తూ కూచున్నాను. తిరిగొచ్చి తలుపు పట్టుకుని, “అయితే లీల ఇన్నేళ్ళూ ఒక్కతే భోంచేస్తోందా?” అన్నారు. ఇంకొంచెంసేపటికి, “డార్విన్ ఇక్కడికెంత దూరం?” అన్నారు.

చాలా దూరం. మౌంట్ ఐసా మీదుగా వస్తాం. బర్క్ ఉత్తరాన సముద్రం దాకా వెళ్ళి, మడ అడవులు అడ్డొచ్చి నీళ్ళు చూడకుండానే వెనక్కి తిరిగాడని దారి పొడుగునా చెబుతున్నారు. మనం మాత్రం చూసి తీరాలట. నిన్ను కూచోబెట్టుకుని చూడాలట. ఆయన ఇంకా ఏమేమో అనుకుంటున్నారు. నీకు వంట చేసిపెడతారట, ముందే చెబుతున్నాను, అరుగుదల మాత్రలు దగ్గర పెట్టుకో. నీ గిన్నెలు సర్దడం మొదలుపెడితే మాత్రం నన్ను అడక్కు, నీకు తోచినట్టు తన్ను.

ఏ రోజుకి వస్తామో ఖాయంగా చెప్పలేను, ఈ దారులు అలాంటివి. సిగ్నల్ తగిలిన ప్రతి ఊళ్ళోనూ ఫోన్ చేస్తాం. స్పీకర్ ఆన్‌లోనే ఉంటుంది, ఉండనీ. ఆలస్యమైతే మాత్రం గుమ్మంలో కాచుకుని కూచోకు. అన్నం తిని పడుకో. మేమొచ్చి లేపుతాం.

నీ వదిన,
సత్యభామ